మలుపు దగ్గర డోరీన్ పాస్కో బోర్డు

డోరీన్ పాస్కో మా కౌన్సిల్ ఆఫీసుకు వచ్చిన రోజు కౌంటర్ దగ్గర నేనే ఉన్నాను. ఫిర్యాదు వచ్చినందున రోడ్డు పక్కన పెట్టిన బోర్డును ఇరవై ఎనిమిది రోజుల్లో తీసేయాలన్న నోటీసు ఆమె చేతిలో నాలుగు మడతలు పెట్టి ఉంది.

"దీని మీద అప్పీలు చేసుకోవచ్చటగా. ఆ కాగితమేదో ఇవ్వు" అంది. కూర్చోమన్నా కూర్చోలేదు.

మా ఊరు టారంగలో ఆమె తెలియనివాళ్లు లేరు. డెబ్బై ఒక్క ఏళ్ల మనిషి. భర్త పోయాక కొడుకు క్రెయిగ్‌తో కలిసి నూట నలభై ఆవుల పాడి నడిపింది. తెల్లవారుజామున పాలు పితకడం, మధ్యాహ్నం మళ్లీ పితకడం, మధ్యలో ఊరి పనులు. ఎవరింట్లో చావు జరిగినా ముందు వెళ్లేది ఆమే. మా అమ్మ పోయినప్పుడు వారం రోజులు మా కోళ్లకు మేత వేసి వెళ్లింది, ఎవరూ అడగకుండానే.

మూడేళ్ల కిందట జూన్‌లో, అంటే మా వైపు చలికాలంలో, చలీ వానా కలిసిన ఒక ఉదయం, వాగు మలుపు దగ్గర క్రెయిగ్ బండి జారి ఎదురుగా వస్తున్న పాల ట్యాంకరు కిందికి పోయింది. ట్యాంకరు నడుపుతున్నది మా ఊరి నెవిల్ హార్ట్. క్రెయిగే వేగంగా వచ్చాడనీ, నెవిల్ తప్పేమీ లేదనీ విచారణలో తేలింది. ఆ నివేదిక వచ్చిన కవరును డోరీన్ చించను కూడా లేదు.

ఏడాది తిరిగేసరికి మలుపు దగ్గర ఆ బోర్డు లేచింది. తెల్ల రంగు వేసిన ప్లైవుడ్ చెక్క మీద నల్లటి అక్షరాలు, ఆమె చేత్తో రాసినవే: "నెమ్మదిగా పోండి. నా కొడుకు క్రెయిగ్‌ని ఇక్కడ చంపారు."

చనిపోయాడు అని రాసి ఉంటే గొడవే లేదు. చంపారు అన్న మాట ఎవరిని చూపిస్తోందో ఊరందరికీ తెలుసు. అయినా ఆమెతో ఎవరూ ఏమీ అనలేదు. బిడ్డను పోగొట్టుకున్న తల్లికి వ్యాకరణం నేర్పడానికి ఎవరికి నోరు వస్తుంది?

నెవిల్ ట్యాంకరు మానేశాడు. చాలాకాలం ఇల్లు కదలలేదు. చివరికి స్కూలు బస్సు నడపడానికి కుదిరాడు. ఆ బస్సు రోజుకు రెండుసార్లు ఆ మలుపు మీదుగానే పోతుంది. క్రెయిగ్ కూతురు బోనీ కూడా ఆ బస్సులోనే బడికి వెళ్లేది.

బోర్డు మీద ఫిర్యాదు ఎవరు చేశారో నాకు తెలుసు. ఆ ఉత్తరం తెరిచింది నేనే. రాసింది క్రెయిగ్ భార్య లియాన్. ఫిర్యాదుదారుల పేర్లు బయటపెట్టకూడదన్నది ఆఫీసు నియమం. డోరీన్ మాత్రం అడగకుండానే ఒక నిర్ణయానికి వచ్చేసింది.

ఆ శనివారం బేకరీలో వరుసలో నా ముందు నెవిల్ ఉన్నాడు. డోరీన్ లోపలికి వచ్చి నేరుగా అతని దగ్గరికి నడిచింది.

"నీ ఫిర్యాదు చేరిందిలే నెవిల్. రోజూ చూడలేకపోతున్నావా? నేను చూడడం లేదూ?"

"నేనేం ఫిర్యాదు చెయ్యలేదు, డోరీన్."

"మరెవరు చేశారు, నా ఆవులా?"

వెనక ఎవరో నవ్వారు. నెవిల్ చేతిలోని రొట్టెను బల్ల మీద పెట్టేసి బయటికి వెళ్లిపోయాడు. 'అతను కాదు డోరీన్' అని నేను ఒక్క మాట అంటే సరిపోయేది. ఎవరి పేరూ చెప్పక్కర్లేదు, ఏ నియమమూ తప్పక్కర్లేదు. నా వంతు రాగానే నాకు కావలసింది అడిగి తీసుకుని ఇంటికి పోయాను.

నెవిలే ఫిర్యాదు చేశాడన్న మాట ఊరంతా పాకింది. పిల్లల తల్లిదండ్రులు కొందరు బస్సు యజమానికి ఫోన్లు చేశారు. వాళ్లు పొమ్మనేలోగా నెవిలే తాళాలు ఇచ్చేశాడు.

అప్పీలు విచారణ ఒక బుధవారం మధ్యాహ్నం జరిగింది. ముగ్గురు కౌన్సిలర్లు కూర్చున్నారు. బోర్డు ఉంచాలంటూ డోరీన్ రెండు వందల పన్నెండు సంతకాలు తెచ్చింది. వాటిలో నాదీ ఒకటి. ఆ బోర్డు పెట్టాక ఆ మలుపులో ఒక్క బండి కూడా బోల్తా పడలేదని చెప్పింది. అది నిజమే. మాటలు కాస్త మారుస్తారా, అప్పుడు ఉంచే వీలుందేమో చూస్తామని ఒక కౌన్సిలరు మెత్తగా అడిగాడు. ఒక్క అక్షరం కూడా మార్చనంది.

అప్పుడు చివరి వరుసలోంచి లియాన్ లేచింది.

"ఫిర్యాదు చేసింది నేను, డోరీన్. నెవిల్ కాదు."

డోరీన్ వెనక్కి తిరిగి చూసింది.

"బోనీకి ఈ ఏడాదే చదవడం వచ్చింది. బస్సులో కూర్చుని మీ బోర్డు కూడబలుక్కుంటూ పైకి చదివింది. మా నాన్నని ఎవరు చంపారు అని అడిగింది. ఇదిగో, ఈ బస్సు నడుపుతున్నాయనే అని వెనక పిల్లలు చెప్పారట. ఆ రోజు నుంచి బస్సెక్కనని ఏడుపు. మీకు చెబుదామని రెండుసార్లు వచ్చాను. మీరు టీ పోసి మాట మార్చేశారు."

డోరీన్ అడిగింది. "నెవిల్ ఏమన్నాడట?"

"బస్సు పక్కకి ఆపాడట. అవునమ్మా, ఆ రోజు ట్యాంకరు నడిపింది నేనే అన్నాడట."

డోరీన్ సంతకాల కాగితాలు సర్దుకుని సంచిలో పెట్టుకుంది. నిర్ణయం కోసం ఆగలేదు. మర్నాడు పొద్దున పాలు పితకడం అయ్యాక తనే గునపం తీసుకెళ్లి బోర్డు పీకేసింది.

అక్కణ్నుంచి నెవిల్ ఇంటికి వెళ్లిందట. అప్పీలు వెనక్కి తీసుకుంటూ సంతకం పెట్టడానికి వచ్చినప్పుడు ఆమే నాతో చెప్పింది. అతను తలుపు తీశాడు గానీ లోపలికి రమ్మనలేదు. బస్సు యజమానితో తను మాట్లాడతానని, మళ్లీ పనిలో చేరమని అడిగిందట.

"వద్దులే డోరీన్. పిల్లలు నన్ను చూసే చూపు మారిపోయింది. నువ్వొచ్చి చెప్పినంత మాత్రాన అది వెనక్కి రాదు."

"నాదే తప్పు నెవిల్."

"తెలుసు" అన్నాడట.

వసంతకాలంలో అతను ఇల్లు అమ్మేసి, సముద్రం వైపు చెల్లెలు ఉండే ఊరికి వెళ్లిపోయాడు. డోరీన్ రెండు ఉత్తరాలు రాసింది. జవాబు రాలేదు.

ఒకరోజు సూపర్‌మార్కెట్ బయట ఆమె కనబడితే, ఇక దాచలేక చెప్పేశాను. ఫిర్యాదు లియాన్‌దని నాకు మొదటి నుంచీ తెలుసని, బేకరీలో ఆ రోజు నేను అక్కడే ఉన్నానని. ఆమె సంచులు రెండూ కింద పెట్టి నా ముఖంలోకి చూసింది.

"ఒక్క మాట అనాల్సింది నువ్వు" అంది. గొంతులో కోపం లేదు.

అవునన్నాను. సంచులు కారు దాకా నేను మోస్తానంటే వద్దంది.