కనబడని అతుకు

ఉమారాణిది తంగళ్ళపల్లి. తండ్రి రాజమౌళి సిరిసిల్లలో సాంచాల, అంటే మరమగ్గాల, షెడ్లలో వైపని చేస్తాడు. సాంచా మీద పడుగు నూలు చుట్టిన పాత బీము అయిపోవచ్చినప్పుడు కొత్త బీము ఎక్కించి, పాత పోగు కొసకు కొత్త పోగు కొసను కలిపి పురిపెట్టి అతకడమే వైపని. ఒకటా రెండా, వేల పోగులు. వేళ్లకు ఇంత బూడిద అద్దుకొని ఆయన కూర్చున్నాడంటే, అతుకు ఎక్కడుందో గుడ్డ తిప్పి చూసినా దొరకదు. ఆ పనిని బిడ్డకు అక్షరాలకంటే ముందు నేర్పాడు. దానితోపాటే ఇంకొకటీ నేర్పాడు. పోగు తెగితే అతకాలి, నోరు విప్పకూడదు. తెగింది తెగిందని షెడ్డు నడిపే ఆసామి చెవిలో వేసేవాణ్ణి ఏ షెడ్డులోనూ రెండోసారి పిలవరు.

ఉమారాణి జగిత్యాలలో ఉండి మెకానికల్ డిప్లొమా చదివింది. చదువు పూర్తయ్యాక అందరిలాగే ఇంట్లో కూర్చొని నూలు కండెలు చుట్టింది. అప్పుడే కోరుట్ల అవతల ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయం వాళ్లు గాలి సొరంగం కట్టారు. ధ్వనికి ఐదారు రెట్ల వేగంతో ఎగిరే వాహనాల మీద పరిశోధనకట. అంత వేగంలో ఒరుసుకునే గాలికే వాహనం ముక్కు నిప్పులా కాలుతుంది. అందుకని ముక్కు నమూనాను సొరంగంలో కదలకుండా బిగించి, కాగిన గాలిని దాని మీదికి వదిలి, ఏది ఎంత వేడెక్కిందో చూస్తారు. ఆ పరీక్షలకు చేతిపని వచ్చినవాళ్లు కావాలని చుట్టుపక్కల పిల్లలను తీసుకొని శిక్షణ మొదలుపెట్టారు. బాగా చేసినవాళ్లకు అక్కడే ఉద్యోగం. దుబాయి దారి, హైదరాబాదు దారి తప్ప మూడో దారి ఎరగని పిల్లలు కోరుట్ల బస్సుల్లో వేలాడుతూ వెళ్లారు. వాళ్లలో ఉమారాణి కూడా ఉంది. బిడ్డకు ఆ ఉద్యోగం వస్తే కొండగట్టుకు కాలినడకన వస్తానని రాజమౌళి అంజన్నకు మొక్కుకున్నాడు.

ఆ సొరంగం ఉన్న కేంద్రానికి అధిపతి శ్రీనివాస్ రావు. బీర్పూర్ దొరల ఇంటివాడు. తాతల కాలంలో ఆ దొరల గడీ ముందు చెప్పులు చేతబట్టుకొని నడిచేవారని పిల్లలందరూ ఇంట్లో విన్నవాళ్లే. ఈయన మాత్రం మొదటిరోజు తానే కుర్చీ జరుపుకొని వాళ్ల నడుమ కూర్చున్నాడు. "ఈడ ఏది తెగినా, ఏది ఇరిగినా చెప్పుండ్రి. చెప్పినోళ్లకు శిక్ష లేదు. దాచినోళ్లకే ఉంటది" అన్నాడు. ఉమారాణికి ఆ మాట ఎంత నచ్చిందంటే, ఆ వారం ఇంటికి పోయి తండ్రికి చెప్పింది. చదువుకున్నోళ్ల మాటలు గట్లనే ఉంటయని రాజమౌళి నవ్వి ఊరుకున్నాడు.

మాట నచ్చడం వేరు, చేతికి అలవాటు కావడం వేరు. ఆ సంగతి మొదటి పెద్ద పరీక్షనాడు తేలింది. నవ్య అనే పరిశోధక విద్యార్థిని వేడిని ఆపే పూత ఒకటి తయారుచేసింది. దాన్ని నమూనా ముక్కుకు పూశారు. ఆ పూత కింద, సరిగ్గా కొసన, వేడిని కొలిచే తీగల జంటను అమర్చాలి. వెంట్రుకంత సన్నని తీగలు. సన్నపని అంటే ఉమారాణే కదా అని ఆమెకే అప్పగించారు. బయట పెద్దలు వచ్చి కూర్చున్నారు, శాలువాలు వచ్చాయి, కొబ్బరికాయ కొట్టారు. సరిగ్గా అప్పుడు ఆమె చేతిలో రెండు తీగలూ కలిసే కొస పుటుక్కున తెగింది.

చెప్పాలన్న ఆలోచనే ఆమెకు రాలేదు. భయపడి దాచిందంటే అబద్ధం. పోగు తెగింది, వేళ్లు కదిలాయి, అంతే. రెండు తీగలను కలిపి పురిపెట్టి లోపలికి నెట్టింది. తెగిన మేర తీగ పొట్టిదై, అతుకు కొసదాకా పోకుండా బొటనవేలంత వెనకే ఉండిపోయింది. పైకి మాత్రం ఏమీ కనబడలేదు. తండ్రి చూస్తే మెచ్చుకునేవాడు.

గాలి వదిలారు. నమూనా ఎర్రగా కాలింది. తెర మీద వేడి గీత మాత్రం ఎక్కడో కింద పాకింది. ఇంత మంటలోనూ లోపల ఇంత చల్లగా ఉందంటే అది పూత మహిమేనని అందరూ లేచి చప్పట్లు కొట్టారు. నవ్య కళ్లనీళ్లు పెట్టుకుంది. పేపర్లలో వచ్చింది. ఆ నమూనాను కేంద్రం ముందు హాల్లో అద్దాల పెట్టెలో పెట్టారు.

తర్వాత కొన్నాళ్లకు ఆ తీగల మీద పాఠం జరిగింది. రెండు తీగలు ఎక్కడ కలుస్తాయో, ఆ చోటి వేడినే అవి చెబుతాయి. పాఠం వింటూ వింటూ ఉమారాణి ఆనాటి తన పురిని గుర్తు తెచ్చుకుంది. తన అతుకు కొసన లేదు, వెనకాల చల్లటి చోట ఉంది. అంటే ఆ రోజు అందరూ చప్పట్లు కొట్టింది పూతకు కాదు, తన పురికి.

ఆమె నేరుగా శ్రీనివాస్ రావు గదికి పోయింది. నవ్య కూడా అక్కడే ఉంది. జరిగింది జరిగినట్టు చెప్పి, మళ్లీ ఒక్కసారి గాలి వదిలితే సరిపోతుంది కదా సార్ అని అడిగింది. శిక్ష ఉండదన్న ధైర్యం కొంత, నవ్య పని పాడవకూడదన్న ఆరాటం కొంత. నవ్య లేచి వెళ్లి నమూనా తెచ్చింది, వెనక మూత తీసి చూసింది. చాలాసేపు చూసింది. మూత బిగించి, మళ్లీ అద్దాల పెట్టెలో పెట్టి వచ్చింది.

ఇంకెవరికైనా చెప్పినవా అని శ్రీనివాస్ రావు అడిగాడు. లేదంది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయన గొంతులో కోపం లేదు, జాలే ఉంది.

"గిసొంటియి ఎవలన్న చెప్తరామ్మా?" అన్నాడు.

ఉద్యోగాలకు ఎంపికైనవాళ్లలో ఆమె పేరు లేదు. ఎందుకని అడిగితే, అనుమతి లేకుండా పరికరంలో తీగ అతికిందన్నారు. ఉమారాణి మళ్లీ శ్రీనివాస్ రావు గదిలోకి పోయి నిలబడింది.

"అతుకున్నదంటే మీరు చెప్పిన ఫలితం తప్పు సార్. ఫలితం ఒప్పంటే అతుకే లేదు. లేని అతుకుకు నన్నెందుకు పంపుతున్నరు?"

ఆయన ఎదుటి ఫైలు తెరిచాడు, పక్కన కూర్చున్న నవ్య కాగితాలు సర్దుకుంది. ఇంత చదువూ, ఇంత సొరంగమూ ఆ ఒక్క ప్రశ్నకు పనికిరాకపోయాయి. దొర వచ్చి నడుమ కూర్చున్నంత మాత్రాన గడీ గోడ కూలిపోదని ఉమారాణికి ఆ రోజు తెలిసింది. బయటికి వస్తూ అద్దాల పెట్టె ముందు ఒక్క క్షణం ఆగింది. పెట్టె కింద నవ్య పేరుంది, శ్రీనివాస్ రావు పేరుంది. లోపల మాత్రం ఆమె పురి ఉంది.

ఇంటికి చేరేసరికి రాజమౌళి కొత్త బీము అతికి వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు. బిడ్డ చేతిలో బట్టల పెట్టె చూసి మొక్కు గురించి అడగబోయి ఆగాడు. ఏమైందన్నాడు. ఆమె గడపలో కూర్చొని మొదటినుంచి చెప్పింది. తీగ తెగిన చోటికి వచ్చేసరికి ఆయన ముందుకు వంగాడు.

"అతుకు కనబడ్డదా బిడ్డా?"

"కనబడలె బాపు."

ఆయన ముఖం వెలిగింది. ఆ వెలుగు చూడలేక ఆమె తల దించుకుంది. మరి ఎట్లా దొరికిపోయినవని అడిగాడు.

"దొరకలె. నేనే చెప్పిన."

రాజమౌళి తడి కాళ్లతో అట్లాగే నిలబడిపోయాడు. జన్మలో లక్షల పోగులు అతికినవాడు, ఒక్కటీ బయటపెట్టనివాడు, బిడ్డ వంక దిగులుగా చూశాడు.

"గిసొంటియి ఎవలన్న చెప్తరా బిడ్డా?"

శ్రీనివాస్ రావు సారు కూడా ఇదే మాట అన్నాడని ఆమె తండ్రికి చెప్పలేదు. లోపలికి పోయి కండెల ముందు కూర్చుంది.