పాత చీర రైలు

మా తోటికోడలు పోయిందని ఫోను వచ్చినప్పుడు నేను కార్తీకానికి వత్తులు చేసుకుంటున్నాను. ఇంట్లో ఫోను పెట్టించిన దగ్గర్నుంచీ అది మోగితే నాకు గుండె దడే. ఎవరికి ఏమయిందో అనుకుంటూనే ఎత్తుతాను. ఆ రోజు మాత్రం గ్యాసు వాళ్ళేమో అనుకున్నాను. బండ రావడం రెండు రోజులు ఆలస్యమయింది మరి. ఇన్నేళ్ళూ ప్రతి ఫోనుకీ భయపడి, భయపడాల్సిన ఆ ఒక్క ఫోనుకీ భయపడలేదు.

గుడివాడ నుంచి ఆవిడ కొడుకు. "పిన్నీ, అమ్మ పోయింది. పొద్దున కాఫీ అడిగింది. తెచ్చేలోపే..." అన్నాడు. ఒళ్ళో వత్తులు అట్లాగే ఉన్నాయి.

నేను చదివింది ఐదో తరగతి. ఇట్లాంటివి రాసి ఎరగను. మా మనవరాలు కాగితాలు తెచ్చి ముందు పెట్టి, "నాయనమ్మా, నువ్వు మాట్లాడేది మాట్లాడేట్టే రాయి" అంది. అందుకని రాస్తున్నానండీ. ఆవిడ పేపర్లో ఫోటో పడే మనిషి కాదు. మా ఇంట్లో ముగ్గురు పిల్లల్ని నా భయం నుంచి కాపాడింది. ఆ సంగతి ఆవిడ ఉండగా ఆవిడతో నేను సరిగ్గా అనలేదు.

బందరులో మాది చిలకలపూడి వైపు పొడుగాటి పెంకుటిల్లు. వీధి గది, హాలు, నడవ, వంటిల్లు, చివర పెద్ద పడకగది. అన్నదమ్ములిద్దరిదీ రోల్డుగోల్డు నగల పని, పొయ్యి ఒకటే. నేను కాపరానికి వచ్చేసరికి ఆవిడ ఆ ఇంటికొచ్చి ఎనిమిదేళ్ళు. నేను అక్కా అనేదాన్ని. ఆవిడ నన్ను పిల్లా అనేది. నాకు అరవై దాటాక కూడా పిల్లా అనే పిలిచింది. ఇప్పుడు ఆ పిలుపు పిలిచేవాళ్ళు ఎవరూ లేరు.

ఇంట్లో ముగ్గురు పిల్లలని చెప్పానే, శీను, చిట్టి ఆవిడ మనవలు. అమ్మలు నా మనవరాలు, ఈ కాగితాలు తెచ్చి పెట్టినదే. కేబుల్ టీవీ అప్పుడప్పుడే వస్తున్న రోజులు. వచ్చినా కరెంటు ఉండేది కాదు. సాయంత్రం దీపాలు పెట్టగానే పిల్లలు అక్క చుట్టూ చేరేవాళ్ళు. ఆవిడ కొంగు ముడిలో ఎప్పుడూ నాలుగు చింతపిక్కలుండేవి, ఒకవైపు అరగదీసినవి. అష్టాచెమ్మాకి. ఆటలో తొండి చేసేది.

"పెద్ద నాయనమ్మా, తొండి! నాలుగు పడితే ఎనిమిది జరిపావు."

"కళ్ళు కనపట్టం లేదే అమ్మలూ."

"పొద్దున సూదిలో దారం ఎక్కించావుగా!"

"అది పొద్దున."

దసరా సెలవులిచ్చిన దగ్గర్నుంచి కార్తీకం వెళ్ళేదాకా మా ఇంట్లో ఈ సందడే. అగ్గిపెట్టెలతో మంచాలూ కుర్చీలూ చేసి బొమ్మలకొలువు పెట్టించేది. అట్లతద్దికి పెరట్లో వేపకొమ్మకి ఉయ్యాల వేయించేది. తాడు తెగుతుందేమోనని నాకు భయం. ఒక ఏడు ఎవరూ చూడకుండా రుబ్బురోలు పొత్రాన్ని మోసుకెళ్ళి ఉయ్యాల పీట మీద పెట్టి ఊపి చూస్తున్నాను. అక్క చూసింది. "పొత్రానికి కూడా అట్లతద్దేనా పిల్లా? దానికీ ఒక అట్టు పెట్టు" అంది. పిల్లలు నిజంగానే ఒక అట్టు తెచ్చి పొత్రం మీద పెట్టారు.

దీపావళికి మతాబు గొట్టాలు ఇంట్లోనే చుట్టేవాళ్ళు, పాత నోటుపుస్తకాల కాగితం, మైదా పేస్టు. మందు కూరడం మగాళ్ళ పని. అవి పెరట్లో చాప మీద ఎండుతుంటే నేను చాప నాలుగు మూలలా నాలుగు బకెట్ల నీళ్ళు పెట్టాను, ఎక్కడన్నా నిప్పు పడుతుందేమోనని. చిట్టి పరిగెత్తుకొచ్చి ఒక బకెట్టుని తన్నాడు. గొట్టాలన్నీ నానిపోయాయి. పిల్లలు ముగ్గురూ ఒకటే ఏడుపు. అక్క వచ్చి చూసి నడుం మీద చెయ్యి పెట్టుకుని, "వెలిగించక ముందే ఆర్పేశావు కదే తల్లీ!" అంది. ఏడుస్తున్న పిల్లలే నవ్వారు. మళ్ళీ కాగితాలు చింపి అందర్నీ కూర్చోబెట్టి, ఇంకో వంద గొట్టాలు చుట్టించింది. నాతోనూ చుట్టించింది.

బందరు వాళ్ళకి చెప్పక్కర్లేదు. ఆ రెండు నెలల్లోనే పండగలూ వస్తాయి, వాయుగుండాలూ వస్తాయి. రేడియోలో మా రేవు పేరు చెప్పి ఫలానా నంబరు ప్రమాద సూచిక ఎగరేశారంటే నాకు కాళ్ళూ చేతులూ ఆడవు. నా పుట్టిల్లు దివిసీమలో. ఉప్పెన వచ్చినప్పుడు నేను అక్కడే ఉన్నాను. మా తమ్ముడి కూతురు, ఆరేళ్ళది, నా చెయ్యి పట్టుకుని ఉంది. నీళ్ళు తీసేసరికి చేతిలో లేదు. చెట్టుకి కట్టేసుకున్నవాళ్ళు మిగిలారు. ఇంతకంటే రాయలేను.

అందుకని గాలి లేచిందంటే చాలు, పాత నేతచీర ఒకటి తీసి ముగ్గురు పిల్లల నడుములకీ వరసగా ముళ్ళేసి, చివర నా నడుముకి కట్టుకుని మూల కూర్చునేదాన్ని. పిల్లలు ఏడ్చినా విప్పేదాన్ని కాదు. మా కోడలు "అత్తయ్యా, వాళ్ళకి ఊపిరాడటంలేదు" అన్నా వినేదాన్ని కాదు. అక్క ఏమీ అనేది కాదు. మా తమ్ముడి కూతురి సంగతి ఆవిడకి తెలుసు.

అమ్మలు ఒకటో తరగతిలో ఉండగా బడి నుంచి కబురొచ్చింది. నేనూ అక్కా వెళ్ళాం. టీచరమ్మ మంచిది, మెల్లగా చెప్పింది. "మబ్బు పడితే మీ పాప బెంచీ కిందకి దూరుతోందండీ. నిన్న జడ రిబ్బను విప్పి, తన చెయ్యీ పక్క పిల్ల చెయ్యీ కలిపి కట్టేసుకుంది. విప్పుతుంటే ఏడ్చింది. ఇంట్లో ఎవరన్నా భయపెట్టారా?" అంది. ఆ రిబ్బను టేబులు మీద ఉంది, ఎర్రది. ముడి చూశాను. నేను వేసే ముడే.

తిరిగొస్తూ అక్క మా వీధి మలుపు దాకా గబగబా నడిచింది. అక్కడ ఆగి, "నీ భయం నువ్వు తిను పిల్లా. పిల్లలకి వడ్డించకు" అంది.

"నేనేం చెయ్యనక్కా. కట్టకపోతే నాకు ఊపిరాడదు."

"కట్టొద్దని ఎవరన్నారు?" అని ముందుకి నడిచింది.

వారం తిరక్కుండానే మళ్ళీ వాయుగుండం. సాయంత్రం గాలి మొదలయింది, కరెంటు పోయింది. నేను చీర తీశాను. అమ్మలు అప్పటికే వణుకుతోంది. అక్క నా చేతిలోంచి చీర కొస లాక్కుని తన నడుముకి చుట్టుకుంది. "బందరు నుంచి గుడివాడ వెళ్ళు ప్యాసింజరు బయల్దేరడానికి సిద్ధంగా ఉంది. ఇంజను నేను. వెనక శీను, ఆ వెనక చిట్టి, ఆ వెనక అమ్మలు. మీ చిన్న నాయనమ్మ గార్డు. టిక్కెట్లు లేనివాళ్ళు దిగిపోవాలి" అంది. శీను క్యాలెండరు కాగితం చింపి టిక్కెట్లు చేశాడు. చిట్టి కూత వేశాడు.

అక్క లాంతరు పట్టుకుని ముందు. హాలు పెడన స్టేషను, అక్కడ వేయించిన శనగలు. నడవ కవుతరం, అక్కడ రైలు ఆగదు. వంటిల్లు గుడ్లవల్లేరు, అక్కడ కొబ్బరిముక్కా బెల్లం. ప్రతి స్టేషన్లోనూ అక్క వెనక్కి తిరక్కుండానే అరిచేది.

"గార్డు గారూ, అన్ని బోగీలూ ఉన్నాయా?"

"ఉన్నాయక్కా."

"అక్క ఎవరు? నేను ఇంజన్ని. ఊరికే ఉన్నాయంటే కాదు, లెక్కపెట్టి చెప్పాలి. గార్డు ఉద్యోగం ఊరికే ఇస్తారా?"

ఒక్కో తల మీద చెయ్యి పెట్టి పైకి లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు. మనసులో క్షణానికోసారి లెక్కపెట్టుకునేదే. పైకి అంటే అది భయంలా వినపడలేదు, పనిలా వినపడింది. మూడు అన్నప్పుడు నా చెయ్యి అమ్మలు తల మీద ఉంది. దాని వణుకు ఆగింది. నోటి నిండా శనగలు.

పడకగది గుడివాడ. "గుడివాడ వచ్చింది. బండి ఇక కదలదు. అందరూ దిగి పడుకోండి" అనేది. కట్టు విప్పకుండానే పడుకునేవాళ్ళు. బయట గాలి గాలే.

ఆ తర్వాత పిల్లలు మబ్బు కోసం చూడటం మొదలుపెట్టారు. చిట్టి ఒకరోజు దేవుడి గూటి ముందు నిలబడి, "స్వామీ, తుఫాను పంపించు" అని దణ్ణం పెడుతున్నాడు. వాడి నోరు ముయ్యడానికి పరిగెత్తాను. అక్క పొట్ట పట్టుకుని నవ్వి, "పోనీరా, తుఫాను లేకపోయినా బండి నడుపుతాలే. దేవుణ్ణి ఇబ్బంది పెట్టకు" అంది. నడిపింది కూడా. ఏ పూట అడిగినా నడిపేది. బడిలో రిబ్బను మళ్ళీ విప్పలేదని టీచరమ్మ చెప్పింది.

రెండేళ్ళ తర్వాత కార్తీకంలో పెద్ద గాలి వచ్చింది. మధ్యాహ్నం మూడింటికి వంటింటి పెంకులు లేచిపోయాయి. మగాళ్ళు పనిమీద గుడివాడ వెళ్ళి అక్కడే చిక్కుకున్నారు. కోడళ్ళిద్దరూ బియ్యం మూటా గుడ్డల మూటా పట్టుకుని బడి బిల్డింగుకి ముందే వెళ్ళారు, చోటు దొరకదేమోనని. పిల్లల్ని మేమిద్దరం తీసుకెళ్ళాలి. వీధిలో మా మోకాళ్ళదాకా నీళ్ళు, పిల్లలకి నడుందాకా. నాకు ఉప్పెన నీళ్ళ వాసన వచ్చింది. గడప దాటలేకపోయాను.

అక్క చీర తీసి వరసగా కట్టింది. "ఇవాళ బండి వీధిలోంచి వెళ్తుంది. గార్డు లేకుండా కదలదు. ఏమండీ గార్డు గారూ, సెలవు పెట్టారా?" అని అరిచింది. పిల్లలు నన్ను చూస్తున్నారు. నడుముకి కట్టుకుని దిగాను.

సగం దారిలో మురిక్కాలవ. నీళ్ళలో దాని అంచు కనపడలేదు. చిట్టి కాలు జారి మెడ దాకా మునిగాడు. చీర ఒక్కసారి బిగిసి నా నడుం కోసుకుపోయింది. నేను వెనక్కి, నీళ్ళలోనే కూలబడ్డాను, బరువంతా వేసి. అమ్మలు చీరని రెండు చేతులా పట్టుకుంది.

"రెండో బోగీ పట్టాలు తప్పింది! గార్డు గారూ, బ్రేకు!" అంది అక్క. గొంతులో తేడా లేదు. వెనక్కి వచ్చి చిట్టి నడుం దగ్గర చీర పట్టుకుని పైకి లాగింది. "ఎక్కించాం. ఏడవకురా, కూత వెయ్యి. కూత వెయ్యకపోతే బండి కదలదు." వాడు దగ్గుతూ నీళ్ళు ఉమ్మి, కూ అన్నాడు. నేను లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు. నడిచాం.

బడి వరండాలో పిల్లల తలలు తుడిచి కోడళ్ళకి అప్పగించాక అక్క నన్ను స్తంభం వెనక్కి పిలిచింది. కుడి చెయ్యి చాపింది.

"ఇటు చూడు పిల్లా. ఆగట్లేదు."

చెయ్యి వణికిపోతోంది. రెండు చేతులతో పట్టుకున్నాను, అయినా వణుకుతోంది.

"నీకూ భయమేనా అక్కా?"

"లేకపోతే? నాదేమన్నా రాతి గుండె అనుకున్నావా? ఈ ఊళ్ళో మొదటి గాలి చూసినప్పట్నుంచీ భయమే."

"మరి ఎప్పుడూ ముందు నువ్వే నడుస్తావు కదా."

"అందుకే ముందు. ఇంజను మొహం బోగీలకి కనపడదుగా" అంది. తర్వాత కొంగు పిండుకుని, "పిల్లల దగ్గర అనకు" అంది. అనలేదు. ఇప్పుడే రాస్తున్నాను.

కొన్నేళ్ళకి ఆవిడ కొడుకు పని గుడివాడకి మార్చుకున్నాడు, ఆవిడా వెళ్ళింది. మబ్బు పడితే సాయంత్రం ఫోను చేసేది. "గార్డు గారూ, అన్ని బోగీలూ ఉన్నాయా?" అనేది. శీను ఫలానా చోట ఉన్నాడు, చిట్టి నీ దగ్గరే, అమ్మలు చదువుకుంటోంది అని ఒక్కొక్కరి సంగతీ చెప్పేదాన్ని. మూడూ చెప్పాకే ఫోను పెట్టేది.

పెద్దకర్మకి ముగ్గురు పిల్లలూ వచ్చారు. పెద్దవాళ్ళయిపోయారు. అక్క పెట్టెలో అడుగున ఆ చీర ఉంది, గుడివాడకి తనతోనే తీసుకెళ్ళిందన్నమాట. "ఇల్లు తుడవడానికి అడిగితే ఇవ్వలేదు పిన్నత్తయ్యా, ఉతికి మళ్ళీ పెట్టెలోనే పెట్టేది" అంది ఆవిడ కోడలు. చీరకి ముళ్ళు అట్లాగే ఉన్నాయి. అమ్మలు తన ముడి వెతుక్కుని తలమీంచి వేసుకోబోయింది. నుదుటి దగ్గరే ఆగిపోయింది. ఒకప్పుడు నడుముకి సరిపోయేది. నేను విప్పుదామని చూశాను. గోళ్ళతో రాలేదు. మడిచి సంచిలో పెట్టుకున్నాను.

సాయంత్రం బండికి బందరు బయల్దేరాం, పిల్లలు ముగ్గురూ నేనూ. చివరి పెట్టె దొరికింది. గుడ్లవల్లేరు వెళ్ళింది, కవుతరం వెళ్ళింది. నిజం బండి కవుతరంలో ఆగుతుంది. పెడన దగ్గర పడుతుంటే సముద్రం వైపు నల్లటి మబ్బు లేచింది, గాలి మొదలయింది. నాకు మామూలుగానే గుండె దడ. కిటికీలు వేద్దామని లేచాను. అమ్మలు కిటికీ ఊచలకి తల ఆనించి నిద్రపోతోంది. చినుకులు మొహం మీద పడుతున్నా కదల్లేదు. ఎదర సీట్లో శీనూ, చిట్టీ శనగలు తింటున్నారు.

కిటికీ వెయ్యలేదు. కూర్చుని లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు.

పెడన ముందు పట్టాలు వంపు తిరిగాయి. ఆ వంపులో ఇంజను వెనకభాగం ఒక్కసారి కనపడి, మళ్ళీ పెట్టెల చాటుకి వెళ్ళిపోయింది. కూత మాత్రం వానలోంచి మాదాకా వచ్చింది.