రాగి గొట్టంలో ఇసుక

జహనుమాలో ప్రకాశం మిస్త్రీ షెడ్డంటే నాలుగు దుంగలు, పైన రేకులు, కింద ఏళ్ల తరబడి నూనె తాగి నల్లబడ్డ నేల. ఆయన చేతికి లొంగని మోటారు లేదని పేరు. ఆ పేరు ఆయన చెవిన కూడా పడింది కాబట్టి కాస్త తల ఎగరేసేవాడు. ఆదివారం తెల్లచొక్కా తొడుక్కొని చర్చికి పోయేవాడు. మిగతా రోజుల్లో నిమ్మకాయ, కుంకుమ, రాహుకాలం అంటూ గిరాకీలు ఏది చెబితే దానికి తలూపేవాడు. ఇదేం భక్తి అని భార్య సుందరమ్మ నిలదీస్తే, "బండి వాళ్లది, నమ్మకం వాళ్లది. నాదేం పోతది?" అనేవాడు.

అయితే ఒక్క నమ్మకం మాత్రం ఆయనది కూడా. బయలుదేరినవాణ్ని వెనక నుంచి పిలవకూడదు. చిన్నప్పుడు నానమ్మ నెత్తిన మొట్టి మరీ నేర్పిన మాట అది. ఎన్ని ప్రార్థనలు చేసినా వదల్లేదు. చలికాలంలో ఒక శుక్రవారం పొద్దున అదే ఆయన పీకల మీదికి తెచ్చింది.

ఆ రోజు షెడ్డులో ఉన్నది మొగులయ్య బండి. మొగులయ్య ఒకప్పుడు ఓ జాగీర్దారు దేవిడీలో, అంత పెద్ద బంగళాలో డ్రైవరు. జాగీర్లు పోయాక, జీతానికి బదులు ఒక పాత అమెరికా కారు అంటగట్టి ఆయన్ని పంపేశారు. గేర్లు వాటంతటవే మారే కారు అది, క్లచ్చి అన్నదే లేదు. మొగులయ్య దాని వెనక సగం కోయించి, చెక్కల తొట్టి కట్టించి పికప్పు చేశాడు. అత్తరు పూసుకున్న పెద్దలు కూర్చున్న చోట ఇప్పుడు బార్కస్ తోటల జామకాయలు కూర్చొని మాదన్నపేట మార్కెట్టుకు పోతున్నాయి.

కారుకు ఈ దిగజారుడు నచ్చినట్టు లేదు. బరువుతో చడావు, అదే ఎత్తురోడ్డు, ఎక్కితే చాలు, గేర్‌బాక్సులో నూనె కాగిపోయి మాడిన వాసన కొట్టేది. ఇంజను అరిచేదే గాని చక్రం కదిలేది కాదు. అలాంటి గేర్‌బాక్సు ఊళ్లో ఇంకొకటి లేదు. అది పోతే ఆ బండి కోళ్లగూడుకు తప్ప దేనికీ పనికిరాదు. మొగులయ్యకు నలుగురు పిల్లలు, ఇంటిల్లిపాదీ ఆ బండి మీదే బతుకుతున్నారు.

ప్రకాశం రెండు రోజులు గడ్డం గీకి ఒక ఉపాయం కనిపెట్టాడు. కాగిన నూనెను గొట్టంతో బయటికి తీసుకురావాలి. లోపల ఉన్నిగుడ్డ పెట్టిన ఇనుప డబ్బాలో వడకట్టాలి. అక్కడి నుంచి రేడియేటరు ముందు బిగించిన రాగి గొట్టపు చుట్టలోకి పంపితే ఎదురుగాలికి చల్లారుతుంది. చల్లారిన నూనె మళ్లీ గేర్‌బాక్సులోకి. చుట్ట చేసిచ్చింది గఫూర్ మియా, హుక్కా గొట్టాలు వంచడంలో ఆరితేరిన రాగి పనివాడు. గొట్టం నొక్కుకుపోకుండా వంచాలంటే దాని నిండా సన్న ఇసుక కూరి, వంచాక దులిపెయ్యాలి. చుట్ట తెచ్చిస్తూ గఫూర్ మియా చెప్పనే చెప్పాడు.

"దులిపిన ఉస్తాద్. అయినా బిగించేముందు గ్యాసునూనెతో మస్తుగ కడుగుండ్రి. వంపుల్ల ఇసుక మా జిద్దీది, ఒక పట్టాన ఊడిరాదు."

ప్రకాశం సరేనన్నాడు. కిరసనాయిలు పోసి కడిగేవాడే, కానీ పొద్దున్నించీ మొగులయ్య నెత్తిన కూర్చున్నాడు. "అన్నా, రాహుకాలం వస్తాంది. అది రాకముందే బండి గడప దాటాలె. బార్కస్‌ల జామకాయలు తెంపి పెట్టిండ్రు." ఆ లొల్లికి తాళలేక మిస్త్రీ చుట్టను నాలుగుసార్లు నేలకు తట్టి, ఇసుక రాలడం లేదని తృప్తిపడి, ఎక్కువైన కొస కోసేసి బిగించేశాడు. ఇంజను తిప్పి చూశాడు. ఎక్కడా చుక్క కారలేదు. మొగులయ్య టైరు కింద నిమ్మకాయ పెట్టి, దండం పెట్టుకొని ఎక్కాడు. నిమ్మకాయ చితికింది. బండి కదిలింది.

ప్రకాశం చేతులు తుడుచుకుంటూ, నేల మీద పడున్న రాగిముక్క తీసి డబ్బాలో పారెయ్యబోయాడు. ఊరికే, పనిలేని చెయ్యి కదా, దాన్ని అరచేతిలో ఒక తట్టు తట్టాడు. రాత్రి మంచుకు తడిసి ముద్దయిన ఇసుక జారి అరచేతిలో పడింది. 

జానెడు ముక్కలోనే ఇంత ఉంటే, అన్ని వంపులు తిరిగిన చుట్టలో ఎంతుందో! బుద్ధిమంతుడిలా వడకట్టే డబ్బాను చుట్టకు ముందు పెట్టాడు, మురికి చుట్టలోకి పోకూడదని. చుట్ట తర్వాత అడ్డే లేదు. నూనె వేడెక్కి, బండి గుంతల్లో కుదుపులు తింటూ పోతే, ఆ ఇసుకంతా నేరుగా గేర్‌బాక్సు గొంతులోకి దిగుతుంది.

బండి ఇంకా సందు చివరనే ఉంది. ఒక్క కేక వేస్తే వినబడే దూరం. కేక గొంతు దాకా వచ్చింది. కానీ నిమ్మకాయ చితికింది, మనిషి బయలుదేరాడు, వెనక నుంచి ఎలా పిలవడం? నానమ్మ చచ్చి ఎన్నేళ్లయిందో, మొట్టికాయ మాత్రం ఆ క్షణాన నెత్తిన పడ్డట్టే అనిపించింది. నోరు తెరిచినవాడు తెరిచినట్టే నిలబడ్డాడు. బండి మలుపు తిరిగి మాయమైంది.

"థూ, నా బతుకు చెడ!" అని తన్ను తానే తిట్టుకొని సైకిలెక్కాడు.

బార్కస్ పోయే దారి పట్టి ఫలక్‌నుమా వైపు తొక్కాడు. ముందుకు పోయి ఎదురు నిలవాలి, అప్పుడు వెనక పిలుపు కాదు గదా! ఇంత జరిగినా ఆయన బుర్ర ఇంకా ఆ లెక్కల్లోనే ఉంది. దారి నిండా ఎడ్లబండ్లు, రిక్షాలు. ఒక రిక్షావాలా చెడామడా తిడితే తిట్టించుకున్నాడు. మొగులయ్య ఇంట్లో పిల్లల మొహాలు ఒక్కొక్కటే కళ్ల ముందుకు వచ్చాయి. చిన్నది తనను 'పెదబాపు' అంటుంది. ఏ మొహం పెట్టుకొని ఆ గడప తొక్కాలి?

రైలు గేటు పడి ఉంది. గేటు ముందు, ఎడ్లబండ్ల వరసకు అవతల, ఆ చెక్కల తొట్టి కనబడగానే ప్రకాశానికి ఏడుపొచ్చింది. బండి ఆగింది గాని ఇంజను ఆగలేదు. బానెట్టు వణుకుతూనే ఉంది. లోపల నూనె తిరుగుతూనే ఉంది. సైకిలు పారేసి ఎడ్ల మధ్య దూరాడు. అంతలో రైలు వెళ్లిపోయింది. గేటు లేచింది. అవతల ఎదురుగా ఉన్నది చడావు. అది ఎక్కితే అంతా అయిపోయినట్టే.

బండి కదిలింది.

"మొగులయ్యా!" అరిచాడు ప్రకాశం. ఆ కేకకు ఎడ్లు బెదిరాయి. "ఓ మొగులయ్యా! ఆగురా!"

బండి టక్కున ఆగింది. ఇంజను కూడా ఆగింది. మొగులయ్య కిందికి దిగాడు. అతని కళ్లు నిప్పులు చెరుగుతున్నాయి.

"ఏందన్నా ఇది? బయలెల్లినోన్ని ఎన్కనుంచి పిలుస్తరా? నీకెరుక లేదా? గిప్పుడు దిగాలె, కూసోవాలె, నీళ్లు తాగాలె!"

తిట్టుకుంటూనే గేటు పక్కన రాయి మీద కూర్చొని, సీసాలో నీళ్లు తాగడం మొదలుపెట్టాడు. ప్రకాశానికి అప్పుడు గుర్తొచ్చింది. వెనక పిలిస్తే ఆగాలి, దిగాలి, కూర్చోవాలి, నీళ్లు తాగాలి. నానమ్మ ఆ మాట కూడా చెప్పింది. సందు చివర ఒక్క కేక వేసి ఉంటే అక్కడే ఇంజను ఆపి దిగేవాడు. సగం నమ్మకం పెట్టుకొని, మిగతా సగం మరిచిపోయాడు తను.

అరచెయ్యి చాపాడు. ఇసుక ఇంకా అంటుకొని ఉంది.

"తప్పు నాదే మొగులయ్యా. చుట్ట కడగలే."

మొగులయ్య ఆ చేతికేసి చూసి సీసా కింద పెట్టాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండుననిపించింది ప్రకాశానికి.

ఇంజను ముట్టకుండా బండిని షెడ్డు దాకా తోసుకొచ్చారు.  ప్రకాశం గేర్‌బాక్సు అడుగు పళ్లెం విప్పాడు. పళ్లెం అడుగున, చిక్కటి నూనె కింద, చిటికెడు ఇసుక పేరుకొని ఉంది. పైన, నూనె లోపలికి పోయే చోట ఉన్న ఇనుప జాలీ మీద వేలితో రుద్దాడు. మళ్లీ రుద్దాడు. వేలికి ఒక్క రేణువు కూడా తగల్లేదు.

"పైకి పోలే," అన్నాడు ప్రకాశం. "చలికి నూనె చిక్కగుండె, అడుగునే కూసుంది."

మొగులయ్య మొహం రెండు చేతుల్లో దాచుకొని భోరుమన్నాడు.

చుట్టను ఈసారి గ్యాసునూనెతో కడిగి, కడిగి, తెల్లగుడ్డలో వడకట్టి చూసి మళ్లీ కడిగారు. వడకట్టే డబ్బాను చుట్ట తర్వాత బిగించారు. కొత్త నూనె పోశారు. ఇంజను తిప్పి గేరు వేస్తే బండి ఒక్క కుదుపుతో ముందుకు దూకింది. రాహుకాలం ఎప్పుడో వచ్చి వెళ్లిపోయింది, ఎవరికీ గుర్తు లేదు. రెండో నిమ్మకాయ కూడా చితికింది.

బండి సందు చివరకు చేరింది. ప్రకాశం చూస్తూ చూస్తూ, ఉన్నట్టుండి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

"మొగులయ్యా!"

ఇంజను ఆగింది. మొగులయ్య పరుగున వెనక్కొచ్చాడు, మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఏందన్నా? మళ్ల ఏమైంది?"

"ఏం కాలే. నాకు ఎన్కనుంచి పిలవొస్తదో లేదో చూసుకున్న."

మొగులయ్య నోట పచ్చి బూతు ఒకటి వచ్చింది. షెడ్డు పక్కనే ఉన్న ఇంటి గుమ్మంలోంచి చూస్తున్న సుందరమ్మ నవ్వు ఆపుకుంటూ లోపలికెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చింది. మొగులయ్య అరుగు మీద చతికిలబడి, మిస్త్రీని గుర్రుగా చూస్తూ, గటగటా తాగాడు.