చీర అంచు మీద బొటనవేలు

ఈ రోజు గద్వాలలోని మా ఫ్రేముల దుకాణానికి, చనిపోయిన తల్లి ఫొటో కోసం నేతపని చేసే నర్సింలన్న వచ్చాడు. దాన్ని ముందే హైదరాబాదులో కంప్యూటరు ఇంకుతో పెద్దగా అచ్చు వేయించి తెప్పించి ఉంచాను. అంచులు పట్టుకుని చూపిస్తూ, "మీద ముట్టొద్దు, మరక పడితే పోదు" అన్నాను. అప్పటికే ఫొటోలో ఆమె చీర అంచును బొటనవేలితో రుద్దేశాడు. మరక పడింది.

"ఏందన్నా, గిట్ల చేసినవ్?"

"ముట్టకుంట చీరెట్ల చూస్తరు?"

"ఇది చీర గాదన్నా, కాగితం!"

మళ్లీ చేయిస్తానంటే వద్దన్నాడు. "ఉండనీ. ఆ చీర నేసింది నేనే. నా చెయ్యి పడ్డదని అమ్మ సంబురపడ్తది."

ముఖమైనా దక్కాలని వెంటనే అద్దం బిగించాను. ఆయన అద్దాన్నీ ఒకసారి రుద్ది చూసి తీసుకెళ్లాడు.

నేతగాళ్లకు ఫొటో ఎట్లా చూపించాలో మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి.