విమానాలకు ఇచ్చిన మేక

ఏళ్లుగా ఒక మాట గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. మీరు నన్ను ఎరగరు, నేను మిమ్మల్ని ఎరగను. అందుకే మీకు చెబుతున్నాను.

గార్లదిన్నె వైపు ఒక ఊరికి నేను తలారిని. ఆఫీసు వాళ్లు చెప్పింది ఊళ్లో జరిగేలా చూడడం నా పని. మా ఊరి బయట బీడులో వైమానిక దళం వాళ్ల విన్యాసాలు పెట్టారు. మాంసం అంగడి మూయించమన్నారు. పేగులు, ఎముకలు బయట కనిపించకూడదన్నారు. వాటికి గద్దలు చేరితే విమానాలకు తగులుతాయట. మస్తాన్ అంగడిని నేనే దగ్గరుండి మూయించాను.

మళ్లీ అతన్ని పిలిచిందీ నేనే. మా వైపు కొత్త ట్రాక్టరు వచ్చినా, బోరు వేసినా మేకను కోస్తాం. విమానాలు రెక్కలు రాసుకునేంత దగ్గరగా ఎగురుతాయని విని నాకు భయం వేసింది. వాటిని నడిపే పిల్లలకు ఏమీ కాకూడదని అమ్మవారికి మొక్కుకున్నాను. మా ఊళ్లో అమ్మవారి దేవర జాతరకైనా కత్తి పట్టేది మస్తానే. వద్దన్నాడు. బతిమాలాను. ప్రదర్శన రోజు పొద్దున్నే ఊరికి చాటుగా వచ్చి కోశాడు. పేగులు గుంత తీసి పూడుద్దామన్నాడు. ఆ కరువు నేలలో గునపం దిగదు. నాకు ఓపిక లేకపోయింది. నీళ్లు లేక ఎండిపోయిన వంకలో పడేయమన్నాను.

నేను చేసింది అంతే. అంతేనా?

విమానాలు రాకముందే వంక మీద గద్దలు తిరగడం చూశాను. అప్పుడైనా పరుగెత్తి ఎవరికైనా చెప్పాల్సింది. చెబితే ఉద్యోగం పోతుందని, ఏమీ కాదులే అని నాకు నేనే సర్దిచెప్పుకుంటూ జనంలో నిలబడిపోయాను. ఒక విమానానికి గద్ద తగిలింది. పొగ వచ్చింది. అది వేరుశనగ చేలో కూలింది. పైలట్ పారాచూట్‌తో దూకాడు. ప్రాణం దక్కింది కానీ నడుము విరిగింది. ఇక విమానం నడపలేడని తర్వాత విన్నాను.

మరుసటి రోజు అధికారులు వంకలో పేగులు చూశారు. తహసీల్దారు మా ఇద్దరినీ పిలిపించాడు.

“ఏమప్పా మస్తాన్, దొంగగా కోసి అమ్మినావా?”

మస్తాన్ నా మొహం చూశాడు.

“కోసింది నేనే సార్,” అన్నాడు.

“తలారీ, నీకు తెలుసునా?”

“నాకేం తెల్దు సార్. అంగడి మూయమని చెప్పే వచ్చినా.”

మస్తాన్ మారు మాట్లాడలేదు. ఎందుకు? నా పేరు చెప్పినా నమ్మరనా? నేనే చెబుతానని చూశాడా? అతని అంగడి తీయించేశారు. ఊరంతా అతన్నే తిట్టింది. వాళ్ల మధ్య నిలబడి నేనూ తలూపాను. అన్నిటికన్నా దానికే ఎక్కువ సిగ్గుపడుతున్నాను.

మొన్న గుత్తి స్టేషన్ బయట పండ్ల బండి దగ్గర కనిపించాడు. ఆ రోజు తర్వాత మేకను ముట్టలేదట. నా చేతిలో జామకాయ పెట్టాడు.

“అన్నా, ఆ విమానం ఆయప్ప నడుము బాగైనాదా? నా చేత్తోనే అట్లయిపాయ గదన్నా.”

తిట్టి ఉంటే బాగుండేది. తెలియదని చెప్పి బస్సెక్కేశాను.

మేకను తెచ్చింది నేను. పేగులు వంకలో పడేయించింది నేను. ఇది రాశాక గుండె కాస్త తేలికైంది, అబద్ధమెందుకు. కానీ ఈ మాట వినాల్సిన మనిషి గుత్తిలో తన చేతుల్నే తిట్టుకుంటూ ఉన్నాడు. అతనికి చెప్పలేక మీకు చెప్పాను.