రాగుల కుండలోని శిలువ

పోయిన బుధవారం అమ్మ పోయింది. వాకిట్లో చాట పట్టుకుని రాగులు చెరుగుతూ అలాగే పక్కకు ఒరిగిపోయిందట. చిన్నాయన బస్సెక్కి నేను పాఠం చెప్పే బడికి వచ్చి, పిల్లల ముందే అనేశాడు: "మీయమ్మ లేదు పాపా."

ఏడవాల్సిన దాన్ని. కానీ ఏడుపు కంటే ముందు కోపం వస్తోంది.

నాయన నా చిన్నప్పుడే పోయాడు. బంగారుపాళ్యం మామిడి తోటల్లో కూలి చేసి అమ్మ నన్ను పెంచింది. కాయల సొన కాల్చిన నల్ల మచ్చలు ఆమె చేతుల మీద ఏడాది పొడుగునా ఉండేవి. బస్టాండు దగ్గర టీ అంగట్లో మా పల్లె వాళ్లకు వేరే గ్లాసు. అది చూరులో దోపి ఉండేది. మేమే తీసుకోవాలి, తాగి మేమే కడిగి పెట్టాలి. మా తాత కాలంలోనే మేం క్రైస్తవులమయ్యాం. అయినా ఆ గ్లాసు చూరు దిగలేదు.

చట్టం మాత్రం మా అంటరానితనం తీరిపోయిందని తేల్చేసింది. శిలువకు మొక్కితే ఎస్సీలు కారట. ఎస్సీ సర్టిఫికెట్టు లేకపోతే నాకు హాస్టల్లో సీటు లేదు. అంటే ఐదో తరగతితో చదువు సరి, నేనూ తోటకే. ఆ చట్టం రాసిన పెద్దమనిషి ఒక్కసారైనా మా ఊరి అంగట్లో టీ తాగి ఉంటే బాగుండేది.

సర్టిఫికెట్టుకు అర్జీ పెట్టాక, విచారణకు రెవెన్యూ ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని తలారి చెప్పిపోయాడు. అమ్మ గోడకున్న చెక్క శిలువను తీసి, కళ్లకద్దుకుని, రాగుల కుండలో మోచేతి దాకా చెయ్యి దూర్చి అడుగున దాచింది. పక్కింటి అత్తనడిగి వెంకటేశ్వరస్వామి పటం తెచ్చి అదే మేకుకు తగిలించింది. నా నుదుట బొట్టు పెట్టింది. అద్దంలో చూసుకుని నేను నవ్వితే వీపు మీద ఒక్కటేసింది.

"నవ్వొద్దు. ఆయప్ప ఏమడిగినా నోరిప్పొద్దు."

ఆయన సైకిలు దిగి వీధిలోనే నిలబడ్డాడు.

"ఏ దేవుడికి మొక్కుతారమ్మే?"

"కొండమీది సామికే సార్. లోపలికొచ్చి సూడండి, పటముండాది."

ఆయన మా గడప వైపు చూశాడు. "వద్దులే," అన్నాడు. ఎండన పడి వచ్చాడని అమ్మ చెంబుతో నీళ్లిస్తే అవీ వద్దన్నాడు. మా ఇంట్లో నీళ్లు ముట్టని మనిషే మేం అంటరానివాళ్లమో కాదో విచారించి సంతకం పెట్టాడు. ఇంతకంటే రుజువేం కావాలి?

ఆయన పోయాక అమ్మ కుండ ముందు కూలబడి ఏడ్చింది. అబద్ధమాడితే నోట్లో మిరపకాయ పెడతానని నన్ను బెదిరించే మనిషి. "నా నోటితో నేనే కాదంటినే," అంది. తర్వాత కళ్లు తుడుచుకుని, "దేవుణ్ణి మార్సుకున్నాము గానీ ఆ గ్లాసును మార్సుకోలేకపోతిమే," అంది.

నేను శిలువను మళ్లీ గోడకు పెడదామన్నాను.

"ఆడే ఉండనీ. నీకు ఉద్యోగమొచ్చేదాకా."

ఆ సర్టిఫికెట్టు మీదే ఉద్యోగం వచ్చింది. అప్పుడూ తీయలేదు. ఎవరైనా నా మీద అర్జీ పెడతారని భయం. చర్చికి పోవడం ఎప్పుడో మానేసింది. ఆదివారం తలుపేసుకుని, కుండలో చెయ్యి పెట్టి, దాన్ని తడుముకుంటూ ప్రార్థన చేసుకునేది. సంగటికి రాగులు తీసుకునేటప్పుడు, "కొంచెం జరుగు తండ్రీ," అనేది. నాకు నవ్వొచ్చేది. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతోంది.

పోయిన నెల నా చేత ఒట్టు వేయించుకుంది. "నా మీద శిలువ నాటొద్దు. రాయొకటి పెట్టు, సాలు. నీ కూడు పోతాది."

అమ్మ పోయిన మర్నాడు పాడె ఎత్తాం. పెద్దవీధి మొగలో నలుగురు అడ్డం నిలబడి, చేల గట్ల మీదుగా పొమ్మన్నారు. మమ్మల్ని ఏ సర్టిఫికెట్టూ అడగలేదు. బతికినన్నాళ్లూ భయపడి దాచుకున్న అమ్మ, గట్ల మీద తూలుతూ పోతోంది. ఇంక నా వల్ల కాలేదు. వెనక్కి పరుగెత్తి, ఇంటికొచ్చి కుండలో మోచేతి దాకా చెయ్యి పెట్టాను.

మన్ను పూడ్చాక శిలువను తలవైపు నాటాను.

"ఉద్యోగం పోతాది పాపా," అన్నాడు చిన్నాయన.

"పోనీ చిన్నాయనా."

అమ్మకు వేసిన ఒట్టు తప్పాను. అర్జీ పెట్టేవాళ్లకు ఇక శ్రమ లేదు, నేనే రాసేశాను. అందరూ పోయాక నేనొక్కదాన్నే కాసేపు నిలబడ్డాను. రెండు చెక్కలు కలిసే సందులో ఇరుక్కున్న రాగులు, గాలికి ఒక్కొక్కటే అమ్మ మీద రాలుతున్నాయి.