సిల్వర్ ఓక్ చెట్టు మీద ఫోను, బుద్రమ్మ చెవిలో హెడ్‌సెట్

నాది కుట్టుపని. రెండు చేతులూ మిషను మీద ఉంటాయి, ఫోను మాత్రం పొద్దస్తమానం మోగుతూనే ఉంటుంది. అందుకని వైర్‌లెస్ హెడ్‌సెట్లు మూడు తెప్పించాను. చెవిలో దూర్చుకునే బడ్స్ మూడున్నర వేలు, మెడలో వేసుకునే నెక్‌బ్యాండు పదిహేను వందలు, లారీ డ్రైవర్లు ఒక చెవికి తగిలించుకునే రకం తొమ్మిది వందలు. వారంలోగా నచ్చనివి వెనక్కి పంపొచ్చు. "ఖరీదైనది ఉంచేసుకో, గొడవ వదిలిపోతుంది" అన్నారు మా ఆయన. నేను వినే రకమా? కొండల్లో పనిచేసిందే నాకు పనికొస్తుందని పట్టుబట్టి, డిసెంబరులో ఒక శనివారం విశాఖలో అరకు రైలెక్కాను.

పాసింజరు ఏడు కాకముందే బయలుదేరుతుంది. కూర్చునే టికెట్టు వంద లోపే. సొరంగాల్లో మూడు హెడ్‌సెట్లూ మూగబోయాయి, అది సిగ్నలు తప్పు కాబట్టి క్షమించేశాను. పదకొండు దాటాక అరకులో దిగి, పెదబయలు అవతలి దాకా వెళ్లి రావడానికి అప్పన్న అనే డ్రైవరు జీపు రెండువేల రెండు వందలకు మాట్లాడుకున్నాను. నా సంచి చూసి అతను నవ్వాడు. "ఏటి మేడమ్, మీకు మూడు సెవులున్నాయేటి? బేగి ఎక్కండి, మద్దేనం కూడు బుద్రమ్మ ఇంటికాడ సెప్పీసినాను."

డుంబ్రిగుడ మీదుగా గంటన్నర. బుద్రమ్మ కాఫీ రైతు, వచ్చినవాళ్లకు నూటయాభైకి భోజనం పెడుతుంది. సామన్నం, రాజ్మా కూర అమోఘం. వాకిట్లో కాఫీ గింజలు ఎండుతున్నాయి. పక్కనే సిల్వర్ ఓక్ చెట్టు, దాని కొమ్మ నుంచి తాడుకు వేలాడుతున్న వెదురుబుట్ట. ఆ ఊళ్లో సిగ్నలు చెట్టు పైన మాత్రమే ఉంటుంది. ఫోనుకు స్పీకరు పెట్టి, బుట్టలో వేసి పైకి లాగి, కింద నుంచి కేకలేస్తారు.

"పోయినేడు ఇలాగే మాటాడినాను," అంది బుద్రమ్మ. "మా పన్నెండిళ్ల కాఫీ కొంతానన్న విశాఖ బాబు గొంతు మజ్జిలో ఆగిపోనాది. లైను తెగిపోతాదేమోనని బెదిరిపోయి, సగమే తీసుకో బాబూ అనీసినాను. మిగిలిన ఆరిళ్లోళ్లదీ సంతలో అయినకాడికి పోనాది. ఇయ్యాల మళ్లీ రెండు గంటలకి ఫోను సేత్తాడు."

అంతే, నా మూడు హెడ్‌సెట్లూ ఆమె ముందు పరిచేశాను. వాటిని ఆమె ఫోనుకు కలిపి, బుట్ట పైకి లాగి, అప్పన్న తన ఫోనుతో చెట్టెక్కి కాల్ చేస్తుంటే పరీక్ష పెట్టాం. బడ్స్ చెట్టు కింద భేషుగ్గా పలికాయి, గింజల దగ్గరికి నాలుగడుగులు వేసేసరికి ముక్కలు ముక్కలు. నెక్‌బ్యాండు దూరం బాగానే ఓర్చుకుంది కానీ, దాని మైకు ఆమె మెడలో పూసల దండలకు రాసుకుని కరకరమంది. పూసలు తీయమన్నాను, నాకు బుద్ధి లేక.

"పూసలు తీసి మాటాడ్డానికి నేనేటి తప్పు సేసినాను?" అంది.

ఇక మిగిలింది తొమ్మిది వందలది. ఆమె చెవి అంచంతా పోగులే, కొక్కెం నిలవలేదు. ఆమే తలగుడ్డ విప్పి, హెడ్‌సెట్టును చెవికి ఆనించి బిగించి కట్టుకుంది. వాకిలి చివరి దాకా నడిచినా మాట చెక్కు చెదరలేదు.

రెండయింది, రెండూ ఇరవై అయింది. అప్పుడు మోగింది, నా సంచిలో! బడ్స్ డబ్బా మూత సరిగా పడక, ఆమె ఫోనుకు ఇంకా కలిసే ఉన్న వాటికి కాల్ వచ్చిపడింది. గబుక్కున మూత మూశాను, మోత ఆమె చెవికి మారింది. బొత్తాం నొక్కింది.

"ఆఁ బాబూ, బుద్రమ్మని." కాసేపు విని, "సగం ఇయ్యను బాబూ. పన్నెండిళ్లదీ తీసుకోవాల," అంది.

తర్వాత ఆమె మాట్లాడదు, కదలదు. తెగిపోయిందనుకుని అప్పన్న తాడు పట్టుకోబోతే చెయ్యెత్తి ఆపింది. చివరికి "సరే బాబూ" అని, మా వైపు తిరిగింది. "పన్నెండిళ్లదీ తీసుకుంతాడంట."

అప్పన్న ఈల వేశాడు. నాకు కళ్లనీళ్లు వచ్చాయి, దాచుకోలేదు. లైను తెగలేదని ఎలా తెలిసిందని అడిగాను.

"ఆల కాఫీ ఏపే మిషను గరగరమంతంది, సెవిలో ఇనబడతంది. మనిసి ఉన్నాడు, ఆలోసిత్తన్నాడు. నానెందుకు తొందరపడాల?"

ఆ హెడ్‌సెట్టు ఆమెకే ఇచ్చేశాను. ఇంటికొచ్చి మిగతా రెండూ వెనక్కి పంపి, నాకూ అదే తెప్పించుకున్నాను. మీరూ ఇలాంటి ప్రయాణంలో ముఖ్యమైన కాల్ కోసం ఎదురుచూస్తుంటే, వాడని హెడ్‌సెట్ల పేర్లు ముందే ఫోనులోంచి తీసేయండి. ఇక నా సంగతి. కుట్టుకూలి చెప్పాక అవతల మాట వినబడకపోతే కంగారుపడి తగ్గించేయడం నాకు ఇరవై ఏళ్ల అలవాటు. మొన్న ఫోనులో కూలి చెప్తే ఒకావిడ అలాగే ఊరుకుంది. ఆవిడ ఇంట్లో కుక్కరు కూత నా చెవిలో వినబడుతోంది. నేనూ ఊరుకున్నాను. "సరే, రేపు గుడ్డ తెస్తా" అంది.